వేంపల్లె బస్టాండులో నిజాం అమ్మ అక్షరం

వేంపల్లె బస్టాండులో పులివెందుల బస్సు కోసం కాచుకున్నప్పుడు చేయడానికి పెద్ద పనేమీ ఉండదు. వచ్చే బస్సుల బోర్డులు చదువుకోవడం, దిగేవాళ్లలో తెలిసిన మొహం ఉందేమో వెతుక్కోవడం, అంతే. అట్లా ఒకరోజు నా చూపు బోర్డు మీంచి కిందికి జారి నంబరు ప్లేటు మీద ఆగింది. ఏపీ 04 జెడ్. పక్కనున్న బస్సుదీ జెడ్డే. కర్నూలు వైపు నుంచి వచ్చిన బస్సుకు ఏపీ 21 అని ఉంది, ఆ తర్వాత మళ్లీ జెడ్డే. జిల్లాను బట్టి అంకె మారింది గానీ అక్షరం మారలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో చిట్టచివరిది, ఎవరూ అడగనిది కదా అని ఆర్టీసీకి పడేశారేమో అనుకున్నా. కాదట.

హైదరాబాదు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి పేరు జెహ్రా బేగం. సర్కారు బస్సులకు అమ్మ పేరు పెట్టాలని ఆయన ముచ్చటపడ్డాడనీ, సర్కారు బండ్లకు మనిషి పేరు కుదరదని అధికారులు నసిగితే, కనీసం ఆమె పేరులోని అక్షరమైనా ప్రతి బండి మీదా ఉండాలన్నాడనీ ఆర్టీసీలో తరతరాలుగా చెప్పుకునే మాట. చెప్పుకోగా చెప్పుకోగా ఈ కథకు ఉప్పూకారం ఎంత కలిసిందో గానీ, అక్షరం మాత్రం కళ్లముందే ఉంది. నిజాం పోయాడు, ఆయన రాజ్యం పోయింది, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఉమ్మడి రాష్ట్రం రెండయింది. జెడ్ పోలేదు.

ఇందులో మన సీమవాళ్లకు మాత్రమే తట్టే చమత్కారం ఒకటుంది. 1800లో అప్పటి నిజాం కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చేశాడు. దత్త మండలాలన్నది ఆ పంపకంతో వచ్చిన పేరే. మన్రో దొర కలెక్టరుగా వచ్చిందీ అప్పుడే. ఆ తర్వాత నిజాంకూ కడపకూ బాకీ లేదు. అలాంటిది, నూటయాభై ఏళ్లు దాటాక ఆ వంశపు అమ్మ అక్షరం ఎర్ర బస్సు ముందర కూర్చుని మళ్లీ దత్త మండలంలోకి వచ్చింది. ఈసారి కప్పం అడగలేదు, టికెట్టు మాత్రమే అడిగింది.

*

27 బస్సులు, 166 మంది

ఇప్పటి ఆర్టీసీకి మూలపురుషుడు హైదరాబాదులో 1932 జూన్‌లో పుట్టాడు. పేరు పొడుగు: నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ. ఆస్తి 27 బస్సులు, సిబ్బంది 166 మంది. ఇవాళ పెద్ద డిపో ఒక్కదానిలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

బస్సులను రైల్వేకు ఎందుకు అప్పగించారు? నిజాం సర్కారు 1930లో రైలు మార్గాలను ఇంగ్లీషు కంపెనీ నుంచి కొనేసింది. రోడ్డు మీద ప్రైవేటు మోటార్లు తిరిగితే రైలుకు పోటీ. అదే రోడ్డు కూడా రైలువాళ్ల చేతిలోనే ఉంటే, పల్లెల్లోని జనాన్ని తెచ్చి స్టేషన్లో దించడానికి బస్సు పనికొస్తుంది. పోటీదారును కూలికి పెట్టుకోవడమన్న మాట! లండన్ మహానగరంలో బస్సులూ ట్రాములూ భూగర్భ రైళ్లూ అన్నిటినీ కలిపి ఒకే బోర్డు కిందికి తెచ్చింది 1933లో. స్వతంత్రం వచ్చాక బొంబాయి సర్కారు పుణె, అహ్మద్‌నగర్ మధ్య మొదటి బస్సు వేసింది 1948లో. మనవాళ్లు ఇద్దరికంటే ముందున్నారు.

ఆనాటి బస్సుల్లో ఒకటి ఇంకా ఉంది. స్కాట్లాండ్‌లో తయారైన ఆల్బియన్ బండి, నంబరు హెచ్‌వైజెడ్ 223. హైదరాబాదు బస్ భవన్ దగ్గర తాతగారి ఫొటోలా నిలబెట్టి ఉంచారు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన ఆ బండిని చూస్తే, దీన్ని నడిపినాయన మీసం ఎట్లా ఉండేదో ఊహించుకోవాలనిపిస్తుంది.

ఆనాటి గుర్తు మరొకటి మాత్రం దక్కలేదు. హైదరాబాదు గౌలిగూడ పాత బస్టాండు అసలు బస్టాండు కాదు, విమానాలు పెట్టే షెడ్డు. అమెరికాలోని బట్లర్ కంపెనీ చేసిన ఆ రేకుల డొప్ప కిందే 1932 నుంచి బస్సులు ఆగేవి. 2018 జులైలో ఒకరోజు అది తనంతట తానే కుప్పకూలింది.

*

రైలు శాఖ నుంచి బస్సులు వేరుకాపురం పెట్టింది 1951 నవంబరు 1న. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా బారసాల జరిగింది 1958 జనవరి 11న. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకో రెండు పేజీల్లో అవసరం పడుతుంది.

*

నిండినప్పుడే టైము

ఇటు మన వైపు, అంటే మద్రాసు రాజధాని కింద ఉన్న జిల్లాల్లో, బస్సంటే షావుకారుదే. ఒక్కో దారికి ఒక్కో యజమాని, ఒక్కో బస్సుకు ఒక్కో పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరకక బస్సుల వెనక ఇనుప పొయ్యి బిగించి, బొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవాళ్లు. క్లీనరు తెల్లవారుజామునే లేచి చక్రం తిప్పి పొయ్యి రాజేస్తే, బండి అలిగినట్టు అలిగి చివరికి కదిలేది. ఎగువ వస్తే జనం దిగి నడవాల్సిందే. బొగ్గు బస్సెక్కిన మా పెద్దవాళ్లంతా ఒకే మాట చెప్పేవాళ్లు: తెల్ల పంచెతో ఎక్కి నల్ల పంచెతో దిగేవాళ్లమని.

ఆ కాలంలో బస్సుకు టైమంటే నిండినప్పుడే. నిండకపోతే డ్రైవరు ఇంకో టీ తాగుతాడు. ఆర్టీసీ తెచ్చిన అసలు కొత్తదనం ఇనుప బండి కాదు, ఖాళీగా ఉన్నా టైముకు కదిలే బండి. గడియారం లేని ఇళ్లలో ‘పొద్దుటి బస్సు పోయింది, పొయ్యి రాజెయ్యి’ అనుకున్నారంటే, అది ఆ క్రమశిక్షణ పుణ్యమే.

*

ముఖ్యమంత్రి పదవిని తీసుకెళ్లిన బస్సు

ఇది కర్నూలు కథ. నా లెక్కలో దేశంలో ఏ రవాణా సంస్థకూ ఇంతటి కథ లేదు.

ఆర్టీసీ పుట్టాక ఒక్కో జిల్లాలో ప్రైవేటు రూట్లను జాతీయం చేసుకుంటూ పోయింది. పద్ధతి ఏమిటంటే, సంస్థ ఒక స్కీము రాస్తుంది, గెజిట్లో వేస్తుంది, అభ్యంతరాలు వింటుంది, తర్వాత ఆ రూట్లలో ప్రైవేటు పర్మిట్లు రద్దవుతాయి. 1960ల మొదట్లో కర్నూలు జిల్లాలోని కొన్ని ప్రాంతాల వంతు వచ్చింది. కాదు, వంతు రాకుండానే వచ్చింది అన్నారు అక్కడి బస్సు యజమానులు. వేరే జిల్లాలు ముందుండగా కర్నూలును వరస తప్పించి ఎందుకు పట్టుకున్నారు? జిల్లా మొత్తం కాకుండా ఆ ముక్కే ఎందుకు? వాళ్లు చెప్పిన జవాబు ఒకటే: ఆ రూట్లలో బస్సులున్నవాళ్లు ముఖ్యమంత్రికి రాజకీయంగా గిట్టనివాళ్లు. 1962 ఎన్నికల్లో సంజీవరెడ్డి గెలిచింది అదే జిల్లాలోని డోన్ నుంచి. జిల్లా రాజకీయాల కక్షతోనే ముఖ్యమంత్రి ఆర్టీసీ చేత ఈ స్కీము రాయించారని వాళ్ల ఆరోపణ.

సి.ఎస్. రౌజీ, మరికొందరు వేసిన ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అక్కడ తేలిన విషయం చిన్నదే గానీ ప్రాణాంతకమైంది. ఇంత పెద్ద ఆరోపణ తన మీద పడితే, అది అబద్ధమని చెబుతూ ముఖ్యమంత్రి తన పేరున ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. అధికారులు వేసిన కాగితాలు ఆ లోటును పూడ్చలేకపోయాయి. ఎవరి మీద మాట పడిందో ఆయనే కాదనకపోతే ఏమనుకోవాలి? 1964లో సుప్రీంకోర్టు ఆ స్కీములను కొట్టేసింది. ఫిబ్రవరిలో సంజీవరెడ్డి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఆర్టీసీకి బారసాల చేసిన చేతులే అవి. ఆరేళ్లు తిరిగేసరికి ఆ ఆర్టీసీ రూట్ల తగాదాలోనే ఆయన కుర్చీ పోయింది. సీమలో ఒక జిల్లా బస్సుల గొడవ ముఖ్యమంత్రిని దించిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కోర్టు తన పేరెత్తి తప్పుపట్టిన వెంటనే ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగిపోయారన్న మాటనైతే అసలే నమ్మరు. అదే సంజీవరెడ్డి 1977లో రాష్ట్రపతి అయ్యారు, అది వేరే సంగతి.

అంతకు ముందే, 1950ల చివర్లో, కృష్ణా జిల్లా బస్సు యజమానులు వేసిన గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు ఇంకొకటుంది. అందులో అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం రాసింది ముఖ్యమంత్రి. వాదన ఒకరి చెవిన పడి తీర్పు ఇంకొకరి నోట వస్తే అది విచారణ ఎట్లా అవుతుందని కోర్టు నిలదీసింది. ఆ తీర్పు రాసింది మన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారే. దేశంలో ఏ లా కాలేజీకి పోయినా ఇప్పటికీ ఈ కేసు చెప్పకుండా ఆ పాఠం పూర్తికాదు. ఆర్టీసీ జనాన్ని మాత్రమే కాదు, న్యాయశాస్త్రాన్ని కూడా కొంత దూరం మోసుకెళ్లింది.

*

వేంపల్లెలో బస్టాండు ఉంది గానీ డిపో లేదు. రైలు అసలే లేదు. పులివెందుల, కడప, ప్రొద్దుటూరు, రాయచోటి డిపోల బస్సులే ఈ ఊరికి దిక్కు. ఇప్పుడు రాష్ట్రంలో ఆర్టీసీకి ఉన్నవి నాలుగు జోన్లు: విజయనగరం, విజయవాడ, నెల్లూరు, కడప. సీమ బస్సులకు పెద్ద జబ్బు చేస్తే కడప జోనల్ వర్క్‌షాపే పెద్దాసుపత్రి. అరిగిన టైరుకు కొత్త రబ్బరు తొడిగి మళ్లీ రోడ్డు మీదికి పంపే పనిని అక్కడ రీట్రెడింగ్ అంటారు. పాత చెప్పుకు కొత్త అట్ట వేయించుకునే మన అలవాటు లాంటిదే.

*

బస్సు భాష

ఆర్టీసీ మన భాషకిచ్చిన మాటలు ఏ నిఘంటువులోనూ పూర్తిగా ఎక్కలేదు.

‘రైట్ రైట్’ అంటే పో అని. ‘హోల్డాన్’ అంటే ఆగు అని. మా వైపు అది ‘ఓల్డాన్’ అయి, బడి మొహం చూడని అవ్వ నోట కూడా ధారాళంగా పలుకుతుంది. ఇంగ్లీషు మాటని ఆమెకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

‘స్టేజీ’ అంటే చార్జీ మారే చోటు. ఊరికి స్టేజీ పడిందంటే ఆ ఊరికి పలుకుబడి పెరిగినట్టే. ‘గ్రౌండు బుకింగ్’ అంటే బండి కదలకముందే కండక్టరు నేల మీద నిలబడి టికెట్లు కొట్టడం. ‘నైట్‌హాల్టు’ అంటే రాత్రి ఊళ్లో పడుకుని తెల్లవారి తిరిగిపోయే బస్సు. ‘ఓఆర్’ అంటే సీట్లెన్ని నిండాయన్న లెక్క. ‘కేఎంపీఎల్’ అంటే లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు పోయిందని. ఈ చివరిది డ్రైవరు పరువుకు సంబంధించిన విషయం. పక్క డ్రైవరుకంటే తనది తక్కువొస్తే ఆ రోజు అన్నం సయించని వాళ్లుండేవాళ్లు.

‘ఎర్ర బస్సెక్కి వచ్చినాడు’ అంటే లోకం తెలియని పల్లెటూరివాడని. పట్నం వాళ్లు వేసిన ఎగతాళి. బస్సులకు రంగులు మారి, పల్లె వెలుగులనీ ఎక్స్‌ప్రెస్సులనీ సూపర్ లగ్జరీలనీ ఇంద్రలనీ గరుడలనీ పేర్లొచ్చాక కూడా మాట మాత్రం ఎర్రగానే ఉంది.

ఇక సీటు ఖాయం చేసుకునే శాస్త్రం. బస్సు బస్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. తువ్వాలు పడిన సీటు విసిరినవాడిది. చేతిరుమాలుకు ఆ గౌరవం సగమే. పిల్లోడిని కిటికీలోంచి లోపలికి దించితే మాత్రం తిరుగులేని రిజర్వేషను. ఈ చట్టం ఎక్కడా అచ్చు కాలేదు. అయినా తువ్వాలు తీసి కూర్చున్నవాడిని జనం చూసే చూపుకంటే పెద్ద జరిమానా లేదు.

*

ట్రే, పంచ్, వెనక రాసిన చిల్లర

యంత్రం రాకముందు టికెట్టు ఎట్లా ఉండేదో ఇప్పటి పిల్లలకు చూపించాలంటే పాత పుస్తకాల మధ్య వెతకాలి. ఉల్లిపొర కంటే కాస్త మందం కాగితం. ఒక్కో ధరకు ఒక్కో రంగు. కండక్టరు చంకలో రేకు ట్రే, అందులో వరసగా టికెట్ల కట్టలు. బొటనవేలికి తడి అద్దుకుని, కట్టలోంచి ఒకటి చింపి, పంచ్‌తో టక్కుమని రంధ్రం కొట్టి ఇచ్చేవాడు. పెద్ద చార్జీకి మూడు నాలుగు రంగులు కలిసి వచ్చేవి. ఎక్కువ రంగులొచ్చినవాడు ఎక్కువ దూరం పోతున్నాడని పిల్లలకు లెక్క. ఆ పంచ్ కొట్టిన గుండ్రటి తునకలు బస్సు నేలంతా పడి ఉంటే, ఏరుకుని జేబులో వేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నా.

చివరి స్టేజీ దాటాక కండక్టరు బానెట్టు పక్కన కూర్చుని, మోకాలి మీద వే బిల్లు పరిచి, ఊగే బస్సులో ఊగని అక్షరాలతో టికెట్ల నంబర్లు రాసేవాడు. అది చూసి తీరాల్సిన విద్య.

అన్నిటికంటే నాకిష్టమైనది చిల్లర. కండక్టరు దగ్గర చిల్లర ఉండదు. ఉంటే ప్రపంచం తలకిందులవుతుంది. అందుకని టికెట్టు వెనక్కి తిప్పి, రావాల్సిన మొత్తం పెన్నుతో రాసి చుట్టి ఇచ్చేవాడు. ఆ రాతకు రెండు గంటలపాటు రిజర్వు బ్యాంకు నోటంత విలువ. దిగేటప్పుడు గుర్తుచేసి వసూలు చేసుకోవాలి. నిద్రపోయి దిగితే ఆస్తి పోయినట్టే. ఒక్కోసారి ఇద్దరికి కలిపి ఒకే నోటిచ్చి, ‘కిందికి పోయి మీరే మార్చుకోండప్పా’ అనేవాడు. ఆ రకంగా వేంపల్లెలో దిగిన ముక్కూమొహం తెలియని ఇద్దరు టీ తాగి నోటు మార్చుకుని, మాటల్లో పడి చుట్టరికం కూడా తవ్వుకున్న సందర్భాలుండేవి. ఇప్పుడు ఫోను ఊపితే డబ్బు పోతుంది. చుట్టరికాలు తగ్గాయి.

*

బస్సు ముందు ఊరి పేరుంటుంది, వెనక బండి వస్తుంది. వేంపల్లె పేరు ముందు పెట్టుకున్న రచయితలు ఇద్దరు అదే పద్ధతి పాటించారు. వేంపల్లి గంగాధర్‌కు ‘మొలకల పున్నమి’ కథలకు 2011లో, వేంపల్లి షరీఫ్‌కు ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఒకే ఊరి బోర్డుతో వరసగా రెండేళ్లు రెండు సర్వీసులు! రవాణా విషయాల్లో ఇదెందుకంటారా, ఊరి పేరును ఢిల్లీ దాకా మోసినవాళ్లను లెక్కలో వేయకపోతే ఎట్లా?

*

1999 అక్టోబరు 31 నాటికి ఆర్టీసీ బస్సులు 18,397. ఒకే సంస్థ కింద ప్రపంచంలో అన్ని బస్సులు ఎక్కడా లేవని గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. ఆరోజు వేంపల్లెలో నిలబడ్డవాడికి మాత్రం 18,397లో ఒక్కటీ టైముకు రాలేదన్న బాధ ఉండే ఉంటుంది.

*

గండికి పోయే బస్సు

వేంపల్లె నుంచి రాయచోటి దారి పట్టుకుంటే శేషాచలం కొండలను చీల్చుకుని పాపాఘ్ని నది వచ్చే చోటే గండి. అక్కడి వీరాంజనేయస్వామి బొమ్మను రాముడే బాణం మొనతో రాతి మీద గీశాడనీ, లక్ష్మణుడు తొందరపెట్టడంతో చిటికెన వేలు మిగిలిపోయిందనీ స్థలపురాణం. శ్రావణ మాసం శనివారాల్లో గండికి జనం పోటెత్తుతారు. ఆ రోజుల్లో మామూలు రూట్ల నుంచి బస్సులను తప్పించి గండికి స్పెషల్ వేస్తారు. ఏ పల్లెకు ఆరోజు బస్సు రాకపోయినా ఎవరూ తిట్టుకోరు. వాళ్లూ గండికే పోయుంటారు కాబట్టి.

తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరుచుకున్నది 1944లో. ఒకప్పుడు కొండ మీదికి బస్సులు నడిపింది దేవస్థానమే, తర్వాతే ఆర్టీసీ చేతికొచ్చింది. 2022 నుంచి ఆ దారిలో కరెంటు బస్సులు ఎక్కుతున్నాయి. బొగ్గు బస్సులో ఎగువ కనిపిస్తే దిగి నడిచినవాళ్ల మనవలు చప్పుడు లేని బస్సులో కునుకు తీస్తూ ఏడుకొండలెక్కుతున్నారు.

*

వ్యాపారమా, ధర్మమా?

ఆర్టీసీకి జాతకం రాసింది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. అందులో ఒకచోట జనానికి సరిపడా, చవకగా, సక్రమంగా రవాణా కల్పించాలని ఉంది. ఇంకోచోట సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని ఉంది. కోడలిని పుట్టింటికి పంపాలి, ఇంట్లో పనీ ఆగకూడదన్నట్టు.

ఈ రెంటి మధ్య నలిగేది నైట్‌హాల్టు బస్సు. మా వైపు పల్లెల్లో దాని వరస ఇట్లా ఉంటుంది: రాత్రి తొమ్మిదికి వస్తుంది. దిగేది ఏడెనిమిది మంది. డ్రైవరు రచ్చబండ పక్కన బండి పెడతాడు. ఎండాకాలమైతే డ్రైవరుకూ కండక్టరుకూ బస్సు టాపు మీదే పడక. ఎవరో ఒకరింటి నుంచి చెంబుడు మజ్జిగ, ఒక్కోసారి సంగటి ముద్ద వస్తాయి. తెల్లవారి అయిదుకు ఇంజను మొరిగితే ఊళ్లో కుక్కలు జవాబిస్తాయి. ఎక్కేవాళ్లు బడిపిల్లలు, పాలవాళ్లు, ఆసుపత్రికి పోయే ముసలాయన. పిల్లల దగ్గర పాసులు. ఆడపిల్లలకు పదో తరగతి దాకా పాసు ఉచితం. ఆ ట్రిప్పులో వచ్చిన డబ్బు డీజిలుకే చాలదు. వ్యాపార సూత్రం ప్రకారం ఆ బస్సును రేపే ఆపెయ్యాలి. ఆపేస్తే ఏమవుతుందో సూత్రం చెప్పదు. తొమ్మిదో తరగతి పిల్ల బడి మానేస్తుంది, అదీ ఏ లెక్కలోనూ పడదు.

ఆ బస్సు మోసింది మనుషులను మాత్రమే కాదు. టపా సంచులు, పేపరు కట్టలు, కడప హాస్టల్లో చదివే కొడుక్కి అమ్మ కట్టిన క్యారియర్, పైన శెనక్కాయల మూట. ‘ఫలానా చోట మావాడు నిలబడుంటాడు, ఇచ్చేయన్నా’ అంటే చాలు, కండక్టరు కొరియర్ అయిపోయేవాడు. ఇప్పుడు ఆర్టీసీ కార్గో అని కౌంటరు, రసీదు, తూకం ఉన్నాయి. కువైట్‌కు పోయేవాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. ఎంత దూరం ఎగిరే విమానమెక్కినా వాళ్ల మొదటి అడుగు పల్లె వెలుగు మెట్టు మీదే.

2013లో సమైక్యాంధ్ర ఉద్యమంలో ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే సుమారు రెండు నెలలు ఈ బస్సులన్నీ డిపోల్లోనే నిలిచాయి. జీపుల మీద, ఆటోల వెనక వేలాడుతూ తిరిగాం. ఎర్ర బస్సును ఎన్నిసార్లు తిట్టామో అప్పుడు లెక్క గుర్తొచ్చింది.

*

కోడికి టికెట్టు ఉంటుందా? 2022లో తెలంగాణలో గోదావరిఖని నుంచి కరీంనగర్ పోయే బస్సులో ఒకాయన దగ్గర గుడ్డలో చుట్టిన పుంజు కదిలింది. కండక్టరు దానికీ 30 రూపాయల టికెట్టు కొట్టాడు. జీవాలను బస్సెక్కించకూడదన్నది నిబంధన అని అధికారులు తర్వాత చెప్పారు. అంటే దింపాల్సిన ప్రయాణికుడికి టికెట్టిచ్చి కూర్చోబెట్టారన్న మాట. మా వైపు పుంజులు ఈ విషయంలో జాగ్రత్తపరులు, కండక్టరు దగ్గరికొచ్చేసరికి గొంతెత్తవు.

*

రాష్ట్రం విడిపోయింది 2014లో. బస్సులు వేరుపడింది మాత్రం 2015 మే నెలలో. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నాక కూడా దొడ్లో బర్రెను ఏడాదిపాటు కలిసి మేపినట్టు. ముషీరాబాదు బస్ భవన్ నుంచి మన ఆఫీసు విజయవాడ నెహ్రూ బస్‌స్టేషన్‌కు వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రా ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. ప్రజా రవాణా శాఖ అని కొత్త శాఖ పుట్టింది. 1932లో సర్కారు శాఖగా మొదలై, 1958లో సంస్థగా మారిన ఆర్టీసీ, మనుషుల వరకు మళ్లీ శాఖ గూటికే చేరింది. పోయిన బస్సు తిరిగొచ్చినట్టే.

*

సున్నా టికెట్టు

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరిట రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం. తెలంగాణలో ఇలాంటి పథకమే, మహాలక్ష్మి, 2023 డిసెంబరులోనే మొదలైంది. డబ్బు లేదు గానీ టికెట్టు ఉంది. కార్డు చూపిస్తే యంత్రంలోంచి సున్నా రూపాయల చీటీ వస్తుంది. ఎంతమంది ఎక్కారన్న లెక్కకు ఆ చీటీలే ఆధారం.

మొన్న వేంపల్లెలో ఎక్కిన బస్సులో మూటతో ఒక అవ్వ నా ముందు సీట్లో కూర్చుంది. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఆమె కార్డు దూరం నుంచే చూసి, వెనక గొడవ పడుతున్న కాలేజీ పిల్లల వైపు తిరిగాడు. అవ్వ వదల్లేదు.

‘చీటీ యాడ నాయనా?’

‘ఇస్తా అవ్వా, యాడికి పోతాదిలే. నీకు దుడ్లు లేవు గదా!’

‘దుడ్లు లేకపోతే మాన్లే. చీటీ ఇయ్యి. చీటీ లేకపోతే నేనెక్కినట్టు ఎవురికి తెలుస్తాది?’

కండక్టరు నవ్వి, యంత్రం నొక్కి చింపి ఇచ్చాడు. అవ్వకు చదువు రాదు. అయినా కాగితాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు వేసి, బొడ్లో సంచిలో వక్కాకుల పక్కన దోపుకుంది. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సుకు తనే యజమానురాలైనట్టు, కింద నిలబడి మాటలు పెట్టుకున్న డ్రైవరును కేకేసింది.

‘ఏమప్పా, రైట్ రైట్ అనేది ఎప్పుడు?’